అరగడానికే అమర్చిన చక్రం

మిక్సీ రిపేరు కొట్టులో చెయ్యి తిరిగిన మెకానిక్ ముందుగా స్క్రూడ్రైవర్ అందుకోడు. జార్ తీసి పక్కన పెడతాడు. ఉత్త మోటారును ఒక్కసారి తిప్పి, వెంటనే ఆపేస్తాడు. ఆ రెండు క్షణాల్లో చెవికి అందాల్సింది అందుతుంది. జార్ లేకపోయినా మోత అలాగే ఉంటే జబ్బు కింద, మోటారులో ఉంది. మోత మాయమైతే జబ్బు పైన, జార్‌లో ఉంది. స్క్రూలు విప్పడం ఆ తరవాతి పని.

అమెరికాలో స్టాండ్ మిక్సర్లు బాగుచేసేవాళ్ళు మొదట చేసేదీ ఇదే. గిన్నె తీసేస్తారు, పిండి కలిపే బీటర్‌ను ఊడదీస్తారు, ఉత్త యంత్రాన్ని ఒక్కో వేగంలో తిప్పి వింటారు. నిజానికి ఈ రెండు యంత్రాలూ ఒక తల్లి పిల్లలు కావు. మన మిక్సీలో మోటారు నిమిషానికి దాదాపు 18 వేల నుంచి 20 వేల చుట్లు తిరుగుతుంది, దాని మీద కత్తి కూడా అంతే వేగంతో తిరుగుతుంది. స్టాండ్ మిక్సర్ బీటర్ నిమిషానికి రెండు మూడు వందల చుట్లు దాటదు. గానుగ చుట్టూ ఎద్దు నడిచినట్టు గిన్నె చుట్టూ నింపాదిగా నడుస్తుంది. మిక్సీ నలగ్గొడుతుంది, స్టాండ్ మిక్సర్ కలుపుతుంది. అయినా రెండింటికీ ఒక గుణం ఉమ్మడిగా ఉంది. రెండూ చెప్పి మరీ చెడిపోతాయి.

అది యాదృచ్ఛికం కాదు. మిగతా భాగాలన్నిటి కంటే ముందు తాను అరిగిపోయి, ఖరీదైన మోటారును కాపాడే చిన్న ముక్క ఒకటి ఈ యంత్రాల్లో ఉంటుంది. వంటింట్లో ఉన్నట్టుండి పుట్టే వింత మోతల్లో చాలావాటికి మూలం ఆ ముక్కే, కాకపోతే దాని ఇరుగుపొరుగు. ఆ ముక్క పలుకును గుర్తుపట్టే విద్య నూరేళ్ళలో ఒక వృత్తిగా ఎదిగింది. ఆ కథ ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణం నుంచి కోయంబత్తూరు, ముంబయి, చెన్నైల మీదుగా మన వీధి చివరి కొట్టు దాకా సాగుతుంది.

ట్రాయ్ పట్టణంలో ఒక ఇనుప గరిటె

కలపడానికి ఒక మర ఉండాలన్న ఆలోచన ఇళ్ళకు కరెంటు రాకముందే పుట్టింది. రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌కు చెందిన టర్నర్ విలియమ్స్ 1870లో, చేత్తో తిప్పి గుడ్లు గిలక్కొట్టే సాధనానికి పేటెంటు తీసుకున్నాడు. ఒక్క పిడిని తిప్పితే పళ్ళచక్రాల సాయంతో రెండు చట్రాలు ఎదురెదురుగా తిరిగేవి. 1885లో రూఫస్ ఈస్ట్‌మన్ కరెంటుతో నడిచే మిక్సర్‌కు పేటెంటు పొందాడు. అప్పటికి చాలా ఇళ్ళలో దీపానికే కరెంటు లేదు, ఇక గుడ్లు గిలక్కొట్టడానికి ఎక్కడి నుంచి వస్తుంది?

1908లో హెర్బర్ట్ జాన్‌స్టన్ అనే ఇంజనీరు కంట ఒక దృశ్యం పడింది. రొట్టెలు చేసే ఒకాయన పెద్ద ఇనుప గరిటెతో పిండి ముద్దను కలుపుతూ ఆయాసపడుతున్నాడు. జాన్‌స్టన్ పనిచేసేది ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలోని హోబార్ట్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీలో. కాఫీ గింజలు పొడిచేసే కరెంటు మరలు తయారుచేసే సంస్థ అది. మోటారు, పళ్ళచక్రం వాళ్ళకు చేతి కింది పనిముట్లు. జాన్‌స్టన్ కొన్నేళ్ళు కుస్తీ పట్టాక, 1914–15 నాటికి 80 క్వార్టుల గిన్నె ఉన్న మిక్సర్ బేకరీలకు చేరింది. అంటే దాదాపు 75 లీటర్లు, మన పెళ్ళి వంటల గుండిగ అంత. 1917 నాటికి అమెరికా నౌకాదళం తన ఓడల వంటశాలల్లో దీన్ని మామూలు సామగ్రిలో చేర్చుకుంది.

ఈ మిక్సర్ గొప్పతనమంతా దాని నడకలో ఉంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూనే సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కదా, బీటర్ నడక అలాంటిది. కాకపోతే ఇక్కడ ఆ రెండు తిరుగుళ్ళూ ఎదురెదురు దిక్కుల్లో ఉంటాయి. గిన్నె కదలదు. బీటర్ గిన్నె అంచు వెంట ప్రదక్షిణ చేస్తూ, ఆ దిక్కుకు ఎదురుగా తానూ గిరగిరా తిరుగుతుంది. అందువల్ల గిన్నెలో బీటర్ తాకని మూల దాదాపు మిగలదు. ఇంజనీర్లు దీన్ని గ్రహగతి అని పిలుచుకున్నారు.

1919లో అదే నడకను ఇంటికి తెచ్చిన చిన్న యంత్రం వచ్చింది. దాని పేరు హెచ్-5. చిన్నదని అన్నా బరువు 30 కిలోల దగ్గర ఉండేది. ధర 189 డాలర్ల 50 సెంట్లు. కొన్ని వందల డాలర్లకు ఫోర్డు కారు వచ్చే రోజులవి. పరీక్షించి చూసిన ఉద్యోగుల భార్యల్లో ఒకరు, దానికి ఏ పేరు పెట్టినా సరే, వంటింట్లో తనకు ఇంత సాయం ఇంకేదీ చెయ్యలేదని అన్నారనీ, ఆ మాట నుంచే కిచెన్‌ఎయిడ్ అన్న పేరు పుట్టిందనీ కంపెనీ చెప్పుకునే కథ. దుకాణదారులు అంత ఖరీదైన సరుకును పెట్టుకోవడానికి జంకితే, ఎక్కువగా ఆడవాళ్ళతో ఏర్పాటైన అమ్మకం బృందాలు ఇల్లిల్లూ తిరిగి మిక్సర్‌ను చేసి చూపించాయి.

పోటీ కూడా త్వరలోనే వచ్చింది. స్వీడన్ నుంచి వలస వచ్చిన ఇవార్ జెప్సన్ రూపొందించిన సన్‌బీమ్ మిక్స్‌మాస్టర్ 1930లో బజారుకెక్కింది. రెండు బీటర్లు ఒకదాని సందుల్లోకి ఇంకొకటి దూరుతూ తిరిగే ఆ యంత్రం చవక, తేలిక, మామూలు ఇళ్ళకు అందుబాటులో ఉండేది. దానికి జవాబుగా 1937లో ఎగ్మాంట్ ఆరెన్స్ గీసిన కిచెన్‌ఎయిడ్ మోడల్ కె వచ్చింది. ధర 55 డాలర్లు. పత్రికల్లో సంపాదకుడిగా పనిచేసి డిజైనర్‌గా మారిన ఆరెన్స్, నున్నటి వంపులతో ఆ యంత్రానికి ఇచ్చిన ఆకారం నేటికీ పెద్దగా మారలేదు. బ్రిటన్‌లో 1950లో కెన్నెత్ వుడ్ తెచ్చిన కెన్‌వుడ్ షెఫ్ కూడా గ్రహగతి దారినే పట్టింది.

ఆకారం మారకపోవడం చూడ్డానికి చిన్న సంగతే, రిపేరు చేసేవాళ్ళకు మాత్రం పెద్ద వరం. 1986లో హోబార్ట్ నుంచి కిచెన్‌ఎయిడ్ వర్ల్‌పూల్ కంపెనీ చేతికి వెళ్ళినా యంత్రం పొట్టలో అమరిక చాలావరకు పాతదే. అమ్మమ్మ మిక్సర్ మీద నేర్చుకున్న విద్య మనవరాలి మిక్సర్ మీదా పనిచేస్తుంది.

పొట్టలో ఏముంది?

స్టాండ్ మిక్సర్ తలకాయలో మోటారు అడ్డంగా పడుకుని ఉంటుంది. దాని ఇరుసు కొసన స్క్రూ మరలాంటి గాడి చెక్కి ఉంటుంది. దాన్ని వార్మ్ అంటారు. వార్మ్ తిరుగుతూ తన పక్కనున్న పళ్ళచక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున నెడుతుంది. ఈ ఒక్క జోడీతో రెండు పనులు జరుగుతాయి. మోటారు వేగం బాగా తగ్గి ఆ మేరకు బలం పెరుగుతుంది. అడ్డంగా ఉన్న తిరుగుడు నిలువు తిరుగుడుగా మారుతుంది. ఆ నిలువు ఇరుసు కింది కొసన బీటర్‌ను మోసే చిన్న చక్రం, తల అడుగున స్థిరంగా బిగించిన పళ్ళ కడియంలో దొర్లుతూ గ్రహగతిని పుట్టిస్తుంది. వీటన్నిటి చుట్టూ ముద్దగా గ్రీజు.

వార్మ్ నెట్టే ఆ పళ్ళచక్రమే ఈ వ్యాసానికి నాయిక. మోటారు ఇరుసు మీది మర గట్టి ఉక్కు. చక్రం అంతకంటే మెత్తటి లోహం. గిన్నెను పైకెత్తే కొన్ని పెద్ద మోడళ్ళలో అది నైలాన్‌తోనే ఉంటుంది. పిండి ముద్ద గట్టిపడి బీటర్ బిగదీసుకుపోతే మోటారు బలం ఎటో ఒకవైపు పోవాలి. చక్రం పళ్ళు ఊడితే ఆ చక్రం ఒక్కటే మార్చుకోవచ్చు, ఒక పూట పని. చక్రం లొంగకుండా మోటారు కాలితే యంత్రమే పోయినంత నష్టం. ఇంట్లో ఫ్యూజు తీగ కాలి తక్కిన వైరింగును కాపాడినట్టు, ఈ చక్రం తన పళ్ళు పోగొట్టుకుని మోటారును కాపాడుతుంది.

కాబట్టి మోత వినగానే కంగారు పడకుండా, అది ఎక్కడి నుంచి, ఏ లయలో, ఏ బరువు మీద వస్తోందో విడదీసుకోవాలి. అనుభవజ్ఞులు చేసేది అదే.

గిన్నెకు బీటర్ తగిలే టంగుమనే శబ్దం అన్నిటికంటే తేలికైన కేసు. బీటర్ ప్రదక్షిణలో ఒక చోట మాత్రమే తగిలితే గిన్నె సరిగ్గా కూర్చోకపోయి ఉండొచ్చు, సొట్టపడి ఉండొచ్చు. చుట్టూ తగులుతుంటే తల మరీ కిందికి దిగిందని అర్థం. తల వంచే మోడళ్ళలో మెడ దగ్గర ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని కొద్దికొద్దిగా తిప్పి ఎత్తు సరిచేస్తారు. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి అమెరికా వంటిళ్ళలో ఒక పాత పద్ధతి ఉంది. ఖాళీ గిన్నెలో డైమ్ అనే పది సెంట్ల నాణెం వేసి, తక్కువ వేగంలో బీటర్ తిప్పుతారు. బీటర్ దాటిన ప్రతిసారీ నాణెం ఇంచుమించు అర అంగుళం జరిగితే ఎత్తు సరిగా ఉన్నట్టు. అసలు కదలకపోతే బీటర్ పైన ఉంది. గిన్నెంతా నాణెం పరుగులు పెడితే మరీ కింద ఉంది.

లోపలి నుంచి వచ్చే టిక్కు వేరు. అన్నిటికంటే తక్కువ వేగంలో తిప్పి లెక్కపెట్టాలి. బీటర్ ఎన్ని చుట్లకు ఒకసారి టిక్కుమంటోంది? ఠంచనుగా ఒకే లయలో, ఒకే విరామంతో వస్తే ఏదో చక్రానికి ఒక పన్ను విరిగిందనో, పళ్ళ మధ్య గట్టి ముక్క ఇరుక్కుందనో సూచన. ఆ టిక్కులు కలిసిపోయి కరకరమని, మోటారు తిరుగుతున్నా బీటర్ తడబడితే చక్రం పళ్ళు సగం పోయినట్టే. మోటారు హోరుమంటూ బీటర్ కదలకపోతే ఇక పళ్ళు మిగల్లేదు. లేదా ఇరుసును పట్టి ఉంచే చిన్న పిన్ను విరిగిపోయింది. అప్పుడు ఇంకా తిప్పడమంటే ఊడిన లోహపు పొడిని గ్రీజులో కలిపి మిగతా చక్రాలకు పూయడమే.

పిండి పిసికేటప్పుడు మాత్రమే తలంతా ఎగిరెగిరి పడుతూ దబదబమంటే చక్రాన్ని అనుమానించే ముందు మెడను చూడాలి. తలను వంచే కీలు లోపలి పిన్ను కాలక్రమంలో పక్కకు జరుగుతుంది. దాన్ని లోపలికి నెట్టి, పట్టి ఉంచే చిన్న స్క్రూను బిగిస్తే తల కుదురుతుంది. బయటి నుంచి చూస్తే యంత్రం ముక్కలయ్యేలా ఉన్న ఈ మోతకు మందు రెండు నిమిషాల పని.

కీచుమనే శబ్దం, పొడి పొడిగా రాపిడి పడుతున్న చప్పుడు గ్రీజు గురించి చెబుతాయి. యంత్రాన్ని చాలాకాలం వాడకుండా అల్మరాలో పెడితే గ్రీజులోని నూనె విడిపోయి కిందికి జారుతుంది. బీటర్ ఇరుసు వెంట నల్లటి నూనె చుక్క గిన్నెలో పడటం చూసి చాలామంది యంత్రం పాడైందనుకుంటారు. పాడైంది గ్రీజు. తలను విప్పి, పాతదాన్ని పూర్తిగా గీకి తీసేసి, ఆహారానికి హాని చేయని కొత్త గ్రీజు నింపితే చప్పుడు మళ్ళీ మెత్తబడుతుంది. బయటకు కారడం ఆగాలంటే గ్రీజుతో పాటు పాత గాస్కెట్ కూడా మార్చడం మేలు.

చిటచిటమంటూ మోటారు గాలి రంధ్రాల్లోంచి నిప్పురవ్వలు, కాలిన వాసన వస్తే చూడాల్సింది కార్బన్ బ్రష్‌లు. తిరిగే ఆర్మేచర్‌కు కరెంటు అందించేవి ఈ బొగ్గు ముక్కలే. అవీ అరగడానికే పెట్టినవి. పాత తరహా స్టాండ్ మిక్సర్ల తలకు రెండు పక్కలా ఉన్న గుండ్రటి మూతలను స్క్రూడ్రైవర్‌తో విప్పితే, యంత్రాన్ని తెరవకుండానే బ్రష్‌లు చేతికొస్తాయి. పావు అంగుళం కంటే పొట్టివైతే మార్చాలి. వేగం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ, స్వరం పైకీ కిందికీ ఊగుతుంటే వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ దగ్గర లోపం. ఇక్కడ మోటారు బాగానే ఉంది, కళ్ళెమే వదులైంది.

ఏ మోతకైనా యంత్రాన్ని విప్పే ముందు ప్లగ్గు పీకెయ్యాలన్నది ఈ వృత్తిలో మొదటి పాఠం. రొట్టె పిండిని రెండో నంబరు వేగం దాటి పిసకకూడదన్నది రెండో పాఠం. గట్టి పిండి మీద వేగం పెంచితే పని ముందు పూర్తవదు, పళ్ళ మీద బరువు మాత్రం పెరుగుతుంది.

రోటి కక్కు, మిక్సీ కప్లర్

మన వంటిళ్ళకు ఈ ఆలోచన కొత్తది కాదు. తిరగలి, రుబ్బురోలు ఏలిన రోజుల్లోనూ అరగడానికే ఉన్న భాగం ఒకటుండేది. అది రాతి గరుకు. రాయి ఎంత బరువున్నా దాని ముఖం మీద కొట్టిన చిన్న చిన్న గాట్లే పప్పును నలిపేవి. వాటినే కక్కు అంటారు. నాళ్ళు గడిచేకొద్దీ కక్కు అరిగి రాయి నున్నబడేది. తిరగలి చప్పుడులో గరగర తగ్గి జారుడు వినిపించేది, పిండి బరకగా వచ్చేది. అప్పుడు ఉలి, సుత్తి పట్టుకుని వీధుల్లో కేకలేస్తూ వచ్చే మనిషి కోసం ఇంటివాళ్ళు ఎదురుచూసేవారు. ఆయన అరుగు మీద కూర్చుని టకటకా కక్కు కొట్టి వెళితే రాయికి మళ్ళీ పళ్ళు వచ్చేవి. వంటింటి యంత్రానికి వీధి మీద తిరిగే రిపేరు మనిషి మనకు ఇలా ముందే ఉన్నాడు.

రాయి తిరగడానికి కరెంటు తోడైంది 1955లో. కోయంబత్తూరుకు చెందిన పి. సభాపతి ఇడ్లీ, దోశ పిండి రుబ్బే వెట్ గ్రైండర్‌ను రూపొందించాడు. ఆ ఊరు తరవాత గ్రైండర్ల రాజధాని అయింది. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దీని స్వభావం స్టాండ్ మిక్సర్‌కు దగ్గర, నెమ్మది నడక, బరువైన పని. మోటారు బలం ఎక్కువగా బెల్టు ద్వారా పాత్రకు అందుతుంది. పిండి మరీ గట్టిగా ఉంటే బెల్టు జారి కీచుమంటుంది, మోటారు బతుకుతుంది. రాళ్ళను మోసే ఇరుసులోని నైలాన్ బుష్‌లు అరిగితే రాళ్ళు ఊగుతూ పాత్రకు తగిలి గటగటమంటాయి. బెల్టు, బుష్ రెండూ తేలిగ్గా మార్చుకునే భాగాలే.

మిక్సీ కథ వేరే దారిలో మొదలైంది. సీమెన్స్‌లో ఇంజనీరుగా పనిచేసిన సత్యప్రకాశ్ మాథుర్ ఇంట్లో, ఆయన భార్య మాధురీ మాథుర్ వాడే విదేశీ మిక్సర్ మోటారు మన వంటల ధాటికి తట్టుకోలేక కాలిపోయింది. పళ్ళరసాలు, సూపుల కోసం చేసిన యంత్రం అది. పసుపు కొమ్ములు, ఎండు మిరపకాయలు, నానబెట్టిన పప్పు, పచ్చి కొబ్బరి దాని లెక్కలో లేవు. మన వంటకు సరిపడే మోటారును తామే తయారుచెయ్యాలని ఆ దంపతులు పట్టుబట్టారు. 1963లో ముంబయిలో పవర్ కంట్రోల్ అండ్ అప్లయెన్సెస్ సంస్థ మొదలైంది, సుమీత్ మిక్సీ పుట్టింది. చాలా ఇళ్ళలో కొన్నాళ్ళపాటు మిక్సీ అంటే సుమీత్, సుమీత్ అంటే మిక్సీ. 1978లో చెన్నైలో ప్రీతి వచ్చింది. 2011లో దాన్ని ఫిలిప్స్ కొనుగోలు చేసింది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం ఆడవాళ్ళకు ఫ్యాను, మిక్సీ, గ్రైండర్ ఉచితంగా పంచే పథకం ప్రారంభించింది. ఒక తరం కిందట పెళ్ళి సారెలో గొప్పగా చెప్పుకున్న వస్తువు, రేషన్ కార్డు మీద చేతికందే అవసరమైంది.

మిక్సీలో ఆ త్యాగం చేసే ముక్క కప్లర్. మోటారు నెత్తిన ఒక సగం, జార్ అడుగున ఇంకో సగం. రెండింటి పళ్ళూ ఒకదానిలో ఒకటి కూర్చుంటేనే కత్తి తిరుగుతుంది. చాలా మిక్సీల్లో అది రబ్బరుదో నైలాన్‌దో. జార్ గట్టిగా నింపి, నీళ్ళు పొయ్యకుండా తిప్పితే కత్తి బిగుసుకుంటుంది, మోటారు ఆగనంటుంది, మధ్యలో కప్లర్ నలుగుతుంది. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకుందని సామెత. ఒక పక్కే దెబ్బలు తినే రోలు, రెండు పక్కలా దెబ్బలు తినే మద్దెల దగ్గర ఏడ్చిందట. పైన కత్తి, కింద మోటారు రెండూ నెడుతుంటే నడుమ నలిగే కప్లర్‌ది అచ్చంగా మద్దెల బతుకే.

దాని పళ్ళు అరిగితే వచ్చే చప్పుడు ఏ తెలుగింటికీ కొత్త కాదు. టరటరమంటూ, మోటారు ఏడుస్తున్నట్టు పైస్థాయికి పోతుంది, పచ్చడి మాత్రం కదలదు. మెకానిక్‌కు అది చెవిన పడగానే కప్లర్ పోయిందని అర్థమవుతుంది. మార్చడం తేలికే, ఒక మెలిక మాత్రం ఉంది. చాలా మిక్సీల్లో మోటారు కప్లర్‌కు రివర్స్ థ్రెడ్ ఉంటుంది. మామూలు స్క్రూ విప్పినట్టు తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. ఇంట్లో సొంతంగా ప్రయత్నించి, పట్టకారుతో దాన్ని ముక్కలు చేసి, ఆ తరవాత కొట్టుకు పట్టుకొచ్చేవాళ్ళు ఈ మెలిక తెలియనివాళ్ళే.

జార్ అడుగున నల్లటి తడి కనిపించి, కత్తిని చేత్తో పట్టి ఊపితే అటూ ఇటూ ఆడితే, జార్ బుష్ అరిగిందని గుర్తు. ఆ జార్‌ను అలాగే వాడితే పచ్చడి నీళ్ళు కిందికి కారి మోటారు బేరింగును తినేస్తాయి. అప్పుడు జార్ తీసినా మోత పోదు. రూపాయల్లో అయ్యే పని వందల్లోకి, ఆర్మేచర్ వైండింగ్ దాకా వస్తే ఇంకా పైకి పోతుంది. మోటారు ఊఁ అని మూలిగి ఆగిపోతే మాత్రం తొందరపడి కాలిపోయిందనుకోనక్కర్లేదు. అడుగున ఉండే ఎర్రటి ఓవర్‌లోడ్ బటన్ బయటికి వచ్చిందేమో చూసి, చల్లారాక నొక్కితే చాలాసార్లు తిరిగి లేస్తుంది. ఆ బటన్ కూడా కప్లర్ జాతిదే, తాను ఆగి మోటారును ఆపే భాగం.

ఈ జ్ఞానం పుస్తకాల్లో లేదు. హైదరాబాద్ కోఠీ దగ్గరి ట్రూప్ బజార్ లాంటి ఎలక్ట్రికల్ సామాన్ల బజార్లలో కప్లర్లు, బుష్‌లు, కార్బన్లు కొని, సందు చివర ఒక బల్ల, ఒక టెస్టింగ్ బోర్డు పెట్టుకున్న వేలాది చేతుల్లో ఉంది. కుర్రాడు ఏళ్ళ తరబడి పక్కన కూర్చుని విని విని నేర్చుకునే విద్య ఇది. ఏ మోత కప్లర్‌ది, ఏ మోత బుష్‌ది అన్నది నోటితో చెబితే రాదు. బాగున్న యంత్రం పక్కన పాడైన యంత్రాన్ని తిప్పి చూపించాల్సిందే.

సముద్రం దాటిన మిక్సీ

అమెరికా వెళ్ళిన తెలుగువాళ్ళ సూట్‌కేసుల్లో మిక్సీకి చోటుండేది. కానీ మన కరెంటు 230 వోల్టులు, అక్కడిది 120. ఇక్కడి మిక్సీని అక్కడ తిప్పితే సగం ప్రాణంతో మూలుగుతుంది. వింత మోత అనుకుని విప్పి చూస్తే లోపల ఏ లోపమూ కనిపించదు, దానికి చాలినంత కరెంటు అందడం లేదంతే. అందుకే సుమీత్, ప్రీతి లాంటివి 110 వోల్టుల మోడళ్ళు విడిగా తయారుచేశాయి. అదే ఇళ్ళలో ఇప్పుడు పక్కనే స్టాండ్ మిక్సర్ కూడా ఉంటోంది. కేకు పిండికీ చపాతీ పిండికీ అది, కొబ్బరి పచ్చడికి ఇది. రెండు ఖండాల యంత్రాలు ఒకే బల్ల మీద చేరాయి, రెండింటి మోతలూ నేర్చుకోవాల్సి వచ్చింది. వీధి చివర మెకానిక్ లేని చోట ఆ పని ఇంటివాళ్ళ మీదే పడింది.

మెకానిక్ కొట్టు తగ్గిపోయిన దేశాల్లో దాన్ని ఇంకో రూపంలో తిరిగి తెచ్చుకునే ప్రయత్నం జరుగుతోంది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా మొదలుపెట్టిన రిపేర్ కేఫే అలాంటిది. పాడైన వస్తువులు పట్టుకుని జనం ఒకచోట చేరతారు, పని తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని విప్పడం నేర్పుతారు. ఆ ఆలోచన తరవాత అనేక దేశాలకు పాకింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కుపై కమిటీ వేసి, విడిభాగాలు, మరమ్మతు వివరాలు ఒకచోట దొరికేలా పోర్టల్ తెరిచింది. గృహోపకరణాలు కూడా దాని పరిధిలో ఉన్నాయి.

విడిభాగం దొరకడమన్నది ఈ కథకు ప్రాణం. అరగడానికే అమర్చిన చక్రం, మార్చుకోవడానికి ఇంకొకటి దొరికినప్పుడే కాపాడే చక్రం అవుతుంది. దొరకకపోతే అది కేవలం బలహీనత. అందుకే స్టాండ్ మిక్సర్ పాత మోడళ్ళ చక్రాలు ఇప్పటికీ అమ్మకంలో ఉండటం, సందు చివర బల్ల మీద డబ్బాలో నాలుగు రకాల కప్లర్లు కలిసి పడి ఉండటం, రెండూ సమానంగా విలువైన సంగతులే.

ఒక స్టాండ్ మిక్సర్ తల తెరిచినప్పుడు మొదట కనిపించేది చక్రాలు కాదు, బూడిద రంగు గ్రీజు ముద్ద. చెక్క పుల్లతో దాన్ని గీకి పాత పత్రిక మీద వేస్తారు. అడుగున చక్రం బయటపడుతుంది. కొత్తదాని పళ్ళు మొద్దుగా, నిండుగా ఉంటాయి. పాతదాని పళ్ళు ఒక పక్క పలచబడి, కత్తి అంచుల్లా సూదిగా మారి ఉంటాయి. వార్మ్ ఏ వైపు నుంచి నెట్టిందో ఆ అరుగుదలే చెబుతుంది. పక్కనున్న ఉక్కు మర మీద గీత కూడా ఉండదు. కొత్త చక్రం కూర్చోబెట్టి, పిన్ను కొట్టి, గ్రీజు నింపి, గాస్కెట్ వేసి తల మూస్తారు. గిన్నె లేకుండా, బీటర్ లేకుండా, మొదటి నంబరులో తిప్పి చెవి దగ్గర పెట్టి వింటారు.